కొరియా జకర్యా రాయని వార్త

సికింద్రాబాదులో జకర్యాలు చాలామందే ఉన్నారు గానీ కొరియా జకర్యా ఒక్కడే. ఆ పేరుతో పిలిస్తే మొదట్లో ఆయన పొంగిపోయేవాడు. తర్వాత తర్వాత అదే పేరు వినపడితే తల దించుకుని పక్క సందులోకి తిరిగేవాడు. ఈ రెంటికీ మధ్య ఏం జరిగిందో చెప్పాలంటే ముందు ఆయనకు ఆ పేరెలా వచ్చిందో చెప్పాలి.

ఆయన బాపట్ల వైపు మనిషి. మిషన్ బళ్లో చదివి, సైన్యంలో గుమాస్తాగా చేరాడు. కొరియాలో యుద్ధం ఆగిన ఏడాది, తిరిగి తమ ప్రాంతాలకు వెళ్లబోమని మొండికేసిన యుద్ధఖైదీలకు కొన్ని నెలలు కాపలా ఉండడానికి మన దేశం ఒక దళాన్ని పంపింది. ఆ దళంలో జకర్యా కూడా ఓడెక్కాడు. అక్కడ ఆయన చేత తుపాకీ పట్టించలేదు. డేరాలో కూర్చుని రేషను లెక్కలు రాయడమే పని. ఖైదీల తరఫున ఆ లెక్కలు సరిచూసుకోవడానికి హన్ అనే బడిపంతులు రోజూ ముళ్లకంచె దగ్గరికి వచ్చేవాడు. ఆయనదీ క్రీస్తు మతమే. మిషనరీల దగ్గర నేర్చుకున్న ఇంగ్లీషు కొంచెం వచ్చు. చేతులు కొంకర్లు పోయే ఆ చలిలో బియ్యం, ముల్లంగి లెక్క తేలాక ఇద్దరూ కంచెకు అటొకరు ఇటొకరు నిలబడి కబుర్లు చెప్పుకునేవారు.

హన్ ఎక్కువగా చెప్పింది వాళ్ల నాన్న గురించి. ఆ నాన్న వృత్తి చెప్పులు కుట్టడం. ఊళ్లో ఆయనకు పేరొచ్చింది మాత్రం పత్రిక చదివినందుకు. కొరియాలో మొట్టమొదటి పత్రిక రాజుగారి కచేరీ నుంచి వచ్చేదట. అది చీనా అక్షరాల్లో ఉండేది కాబట్టి చదువుకున్న దొరలకు తప్ప అర్థమయ్యేది కాదు. పదమూడేళ్ల తర్వాత ఇంకొక పత్రిక వచ్చింది. అది మామూలు జనం మాట్లాడే భాషలో, ఆడవాళ్లూ కూలివాళ్లూ నేర్చుకోగలిగిన సొంత లిపిలో, మాటకూ మాటకూ మధ్య ఎడం వదిలి అచ్చువేశారు. ఆ ఎడం వల్లే మా నాన్నకు చదవడం వచ్చింది అన్నాడు హన్. సంతరోజున ఆయన ఆ పత్రిక పట్టుకుని ఒక బండి మీదికెక్కి గట్టిగా చదివేవాడు. ఏ అధికారి ఎంత లంచం తిన్నాడు, ఏ ఊళ్లో ఎవరి పొలం లాక్కున్నారు, అన్నీ. జనం గుమిగూడి వినేవారు. తమలాంటివాళ్ల సంగతి కాగితం మీదికెక్కుతుందని వాళ్లకు అప్పటిదాకా తెలియదు.

కొన్నేళ్లకు జపాను వాళ్లు వచ్చి, దేశం పగ్గాలు తమ చేతికి తీసుకునే ఒప్పందం మీద సంతకాలు పెట్టించుకున్నారు. అప్పుడు రాజధానిలో ఒక సంపాదకుడు సెన్సారు అధికారికి చూపించకుండానే "ఈ రోజు మనం గొంతెత్తి ఏడుస్తున్నాం" అని రాసి పత్రికను జనంలోకి పంపేశాడు. ఆయన్ని జైల్లో వేశారు, పత్రికను ఆపేశారు. ఆ కాగితం చెప్పులు కుట్టే మనిషి దగ్గరికీ చేరింది. ఆయన దాన్ని సంతలో చదివాడు. చదువుతుండగానే పోలీసులు వచ్చి బండి మీది నుంచి లాగేశారు.

"మీ నాన్నగారు భయపడలేదా?" అని జకర్యా అడిగాడు.

"భయపడ్డాడు. ఆయన చేతులు వణికాయని మా అమ్మ చెప్పేది. చదవడం మాత్రం ఆపలేదు" అన్నాడు హన్.

ఆ జనవరిలో ఖైదీలను విడిచిపెట్టారు. హన్ దక్షిణానికి వెళ్లిపోయాడు. మళ్లీ ఆయన కబురు తెలియలేదు.

జకర్యా హవల్దారుగా రిటైరై సైనిక్‌పురిలో చిన్న ఇల్లు కట్టుకున్నాడు. భార్య మార్త మిషన్ బళ్లో టీచరు. ఊరికే కూర్చోలేక ఆయన మోండా మార్కెట్ వెనక సందులో 'లష్కర్ దీపం' అనే వారపత్రికలో ఉపసంపాదకుడిగా చేరాడు. దాని సంపాదకుడు, యజమాని, ప్రకటనలు తెచ్చేవాడు అన్నీ పద్మనాభమే. అక్షరాలు కూర్చేవాడు జంగయ్య. ముగ్గురితో నడిచే పత్రిక అది. మునిసిపాలిటీ కుళాయిలు, బస్సు వేళలు, గుడి ఉత్సవాలు, చర్చి పండుగలు, ఎక్కడన్నా దొంగతనం. ఇవే వార్తలు.

అత్యవసర పరిస్థితి వచ్చాక అవి కూడా కరువయ్యాయి. కుళాయిలో నీళ్లు రావడం లేదని రాసినా ఎందుకు రాశారని అడిగే రోజులు. అచ్చుకు ముందు ప్రూఫులు పట్టుకెళ్లి సెన్సారు అధికారికి చూపించి రావాలి. ఒక మధ్యాహ్నం పద్మనాభం ఖాళీ పేజీల వంక చూసి నిట్టూర్చాడు.

"ఏం రాస్తాం జకర్యా గారూ ఇంక? రాస్తే దూరం సంగతులు రాయాలె, కాకుంటే పాతకాలం సంగతులు రాయాలె."

"దూరమూ, పాతకాలమూ రెండూ ఉన్న సంగతి ఒకటి నా దగ్గరుందండి" అన్నాడు జకర్యా.

అలా మొదలైంది కొరియా పత్రికల చరిత్ర. హన్ చెప్పినవాటికి, లైబ్రరీలో పాత మిషనరీల పుస్తకాల్లో వెతికి పట్టుకున్నవి కలిపి వారం వారం రాశాడు. జకర్యా వాక్యం తేలికగా ఉండేది. సంతలో చదివే చెప్పుల మనిషిని, ఆడవాళ్ల కోసం నడిచిన దినపత్రికను, పరాయిదేశం వాడు యజమాని కావడం వల్ల కొంతకాలం ఎవరూ ముట్టుకోలేకపోయిన పత్రికను ఆయన కళ్లకు కట్టించాడు. దాంతో ఆయనకు కొరియా జకర్యా అన్న పేరు వచ్చింది. అధికారి అభ్యంతరం చెప్పలేదు. పాఠకులు మాత్రం వరసల మధ్య రాయనిది కూడా చదువుకున్నారు. "మా గురించే కదా సార్ రాస్తున్నారు" అని బస్సులో ఒకాయన చెవిలో చెప్పి దిగిపోయాడు. జకర్యా నవ్వి ఊరుకున్నాడు. ఔననలేదు, కాదనలేదు. ఆ నవ్వు తర్వాత ఆయన్ని చాలా బాధపెట్టింది.

జంగయ్య ఉండేది బోయిన్‌పల్లి దారిలో ఒక బస్తీ. అక్కడి చాయ్ హోటల్లో వారానికోసారి అతను పత్రిక తీసుకెళ్లి పైకి చదివేవాడు. హమాలీలు, రిక్షావాళ్లు, కూరలమ్మే ఆడవాళ్లు వినేవారు. కొరియా కథంటే వాళ్లకు ఇష్టమని చెప్పినప్పుడు జకర్యా ఛాతీ ఉప్పొంగింది. హన్ నాన్నకు తాను వారసుణ్ణైనట్టు అనిపించింది.

అలా విన్నవాళ్లలో నాంచారమ్మ ఒకతె. మోండాలో ఆకుకూరలు అమ్ముతుంది. ఒక రోజు ఎండ వేళ గంప బయట దించి, కొంగుతో ముఖం తుడుచుకుంటూ ఆఫీసులోకి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"కొరియా సారంటే మీరేనా?"

"నేనేనమ్మా."

"జంగయ్య సదువుతుంటె విన్న. గా దేశంల పేపరోళ్లు భయపడకుంట రాసిండ్రంట గదా. గందుకే వచ్చిన."

ఆమె భర్త రాజలింగం గూడ్సు షెడ్డులో హమాలీ. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నట్టు చూపిస్తేనే పని అని మేస్త్రీ అన్నాడు. ఒక పొద్దున నలుగురు హమాలీలను లారీలో ఎక్కించి క్యాంపుకు తీసుకెళ్లారు. రాజలింగానికి అప్పటికే ఒళ్లు బాగా లేదు. వద్దని చెప్పినా వినలేదు. కోసిన చోట చీము పట్టింది. దవాఖానకు తీసుకెళ్తే మళ్లీ రమ్మన్నారు. మళ్లీ వెళ్లేసరికి మనిషి లేడు.

"జొరంతోటి సచ్చిండని రాసిండ్రు సారూ. జొరం కాదు. నాకు పైసలు అద్దు, ఏం అద్దు. జొరం కాదని పేపర్ల రాయుండ్రి. గంతే."

జకర్యా అన్నీ అడిగి తెలుసుకున్నాడు. క్యాంపు ఎక్కడ పెట్టారు, లారీ ఎవరిది, తోడు వెళ్లినవాళ్లెవరు. ఆమె వరసగా చెప్పింది. ఏడవలేదు. వెళ్లేముందు ఆయన లేచి నిలబడి, "రాస్తానమ్మా. నీ పేరు, బస్తీ పేరు బయటికి రావు. నా మీద నమ్మకం ఉంచు" అన్నాడు.

"మీ మీద ఉంచకపోతే ఇంత దూరం ఎట్లొస్త" అంది నాంచారమ్మ.

ఆ సాయంత్రమే వార్త రాశాడు. పొడుగు లేదు, ఉద్రేకం లేదు. పద్మనాభం రెండుసార్లు చదివి కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"వాళ్లు కొట్టేస్తరు."

"కొట్టేస్తే కొట్టేయనివ్వండి. చూపించి వస్తాను."

"సరే. కొట్టేస్తే ఆ జాగా ఖాళీగా వదిలేద్దాం. కొందరు పెద్ద పత్రికలోళ్లు వదిలిండ్రు గదా. ఏమైతే అది కానీ."

మర్నాడు జకర్యా ప్రూఫులు పట్టుకుని అధికారి దగ్గరికి వెళ్లాడు. ఆ అధికారి కఠినుడేమీ కాదు. చదువుకున్నవాడు, మర్యాదస్తుడు. జకర్యాను చూడగానే కుర్చీ చూపించి చాయ్ తెప్పించాడు.

"మీ కొరియా సీరియల్ మా ఇంట్లో అందరూ చదువుతారండీ. భలే రాస్తున్నారు."

జకర్యాకు సంతోషం కలిగింది. ఆ గదిలో ఆ మనిషి పొగిడితే సంతోషం కలిగిందన్న సంగతి ఆయన చచ్చేదాకా మర్చిపోలేదు.

అధికారి ప్రూఫులు తిప్పుతూ రాజలింగం వార్త దగ్గర ఆగాడు. ఎర్ర పెన్సిలు తీశాడు గానీ వెంటనే గీయలేదు.

"ఇది మీరు రాసిందేనా?"

"అవునండి."

"మీరు చూశారా?"

"చూడలేదండి. చెప్పగా విన్నాను."

"మీరు మాజీ సైనికులు. పెన్షన్ మీద బతికేవారు. మీ శ్రీమతి బళ్లో పనిచేస్తున్నారు అనుకుంటాను. ఇలాంటి పుకార్లు మీలాంటివారు రాయడం ఏమిటి?"

గొంతు పెంచలేదు. బెదిరించినట్టు కూడా లేదు. అయినా జకర్యా చేతిలో చాయ్ కప్పు సాసరుకు తగిలి చప్పుడైంది.

"ఇందులో నిజమెంతో నాకూ తెలియదండి. ఎవరో ఆడమనిషి వచ్చి చెప్పింది. ఏడుపు మీద ఏదేదో అని ఉండొచ్చు" అన్నాడు.

"ఎవరామె?"

"కూరలమ్మే ఆవిడండి."

"పేరు?"

చెప్పకపోయినా ఆ పూటకు ఏమీ అయ్యేది కాదేమో. తెలియదు, అడగలేదు అనవచ్చు. అలాంటి అబద్ధాలు ఆయన సైన్యంలో పై అధికారులకు ఎన్నో చెప్పాడు. కానీ ఆ క్షణాన ఆ గదిలోంచి బయటపడాలన్న ఒక్క కోరిక తప్ప ఇంకేమీ లేదు.

"నాంచారమ్మ" అన్నాడు. బస్తీ పేరు కూడా చెప్పాడు.

అధికారి ఎర్రగీత గీసి ప్రూఫులు తిరిగి ఇచ్చాడు. "సీరియల్ మాత్రం ఆపకండి" అన్నాడు గుమ్మం దాకా వచ్చి.

ఆఫీసుకు తిరిగి వచ్చాక జకర్యా ఈ సంగతి చెప్పలేదు. కొట్టేశారని మాత్రం చెప్పాడు. పద్మనాభం "అయితే ఖాళీ వదిలేద్దామా" అని అడిగాడు.

"వద్దండి. ఖాళీ చూస్తే ఇంకా కోపం వస్తుంది. ఆ జాగాలోకి కొరియా ఇంకొంచెం ఇస్తాను."

పద్మనాభం ఏదో అనబోయి, "మీ ఇష్టం" అని బయటికి వెళ్లిపోయాడు.

జకర్యా రాయడానికి కూర్చున్నాడు. ఆ వారం భాగంలో చెప్పాల్సింది సెన్సారు అధికారుల సంగతే. జపాను వాళ్లు కొట్టేసిన చోట కొరియా పత్రికల్లో సీసపు అక్షరాలను తలకిందులుగా నిలబెట్టి అచ్చువేసేవారు. అక్షరం బదులు దాని అడుగు పడి కాగితం మీద నల్లటి దిమ్మెలు వరసగా వచ్చేవి. జనం వాటిని ఇటుకలనేవారు. ఇక్కడ ఏదో చెప్పబోతే నోరు నొక్కారు అని చదువురాని వాడికి కూడా తెలిసేది. ఆ వైనమంతా జకర్యా చక్కగా రాశాడు. చేయి ఎక్కడా ఆగలేదు.

జంగయ్య ఆ కాగితం తీసుకుని కూర్చడం మొదలుపెట్టాడు. అప్పటికే కూర్చిన రాజలింగం వార్త విప్పకుండా పక్కన అలాగే ఉంది. సగంలో లేచి జకర్యా బల్ల దగ్గరికి వచ్చాడు.

"సార్, మనం సుత గట్లనే చేద్దామా? నాంచారమ్మక్క ముచ్చటను తిరగేసి పెడ్త. ఒక్క అక్షరం సుత కనబడది. నల్లగ వస్తది, గంతే."

"వద్దు జంగయ్యా."

"ఎవలన్న అడిగితే తప్పు నాదని చెప్త. చీకట్ల కనబడలేదంట."

"మన దగ్గర అలాంటివి వద్దయ్యా. విప్పేసెయ్."

జంగయ్య మరో మాట అనకుండా వెళ్లాడు. కాసేపటికి సీసపు అక్షరాలు ఒక్కొక్కటే వాటి గళ్లలో పడుతున్న చప్పుడు వినిపించింది. జకర్యా ఆ చప్పుడు వినలేక గొడుగు తీసుకుని బయటికి నడిచాడు. అప్పుడు వాన లేదు, ఎండా లేదు.

పత్రిక వచ్చాక రెండు రోజులు జంగయ్య ముక్తసరిగా మాట్లాడాడు. మూడో రోజు జకర్యాయే ఉండబట్టలేక, "హోటల్లో చదివావా?" అని అడిగాడు.

"సదివిన సార్."

"ఆవిడ వచ్చిందా?"

"ముందుగాలనే వచ్చి కూసున్నది. అందర్ని పిల్సుకొచ్చింది, నా పెనిమిటి సంగతి వస్తది ఇయ్యాల అని." జంగయ్య చేతిలో పని ఆపలేదు. "కడదాక విన్నది. అయిపోయిందా అన్నది. అయిపోయిందన్న. గా తిరగేసిన అక్షరాల ముచ్చట మంచిగున్నది అని లేసి పోయింది."

అంతటితో పోలేదు. ఆ తర్వాతి వారం ఎవరో ఇద్దరు జీపులో బస్తీకి వచ్చారు. నాంచారమ్మ గుడిసె ముందు నిలబడి అందరినీ పిలిచారు. పుకార్లు పుట్టించేవాళ్ల గుడిసెలు ఉండవని చెప్పారు. రాజలింగం ఎట్లా పోయాడో నలుగురి ముందూ చెప్పమన్నారు. ఆమె పక్కన ఇద్దరు పిల్లలున్నారు. "జొరంతోటి" అని చెప్పింది. గట్టిగా చెప్పమన్నారు. గట్టిగా చెప్పింది. జీపు వెళ్లిపోయింది.

ఇది కూడా జంగయ్యే చెప్పాడు. చెప్పి, "వాళ్లకు అక్క పేరెట్ల తెల్సిందో సమజైతలేదు సార్" అన్నాడు. నిజంగా తెలియక అన్నాడో, తెలిసి అన్నాడో జకర్యాకు అర్థం కాలేదు. ప్రూఫు దిద్దుతున్నట్టు తల వంచుకున్నాడు. జంగయ్య ఆ తర్వాత హోటల్లో పత్రిక చదవడం మానేశాడు.

సీరియల్ ఆపేద్దామనుకున్నాడు జకర్యా. ఆపితే ఎందుకాపావని అడుగుతారు. అడిగితే ఏం చెప్పాలి? కాబట్టి రాస్తూనే ఉన్నాడు. జైలుకెళ్లిన సంపాదకుల గురించి, అమ్ముడుపోయిన పత్రికల గురించి. రాజధానిలో ప్రజల గొంతుగా పేరుపడ్డ ఒక పత్రిక, దేశం పూర్తిగా పోయాక, అదే ఆఫీసులో అదే అచ్చుయంత్రం మీద సర్కారు బాకాగా మారిన సంగతి రాసేటప్పుడు కలం ఆగిపోయింది. ఆ భాగం రెండు వారాలు ఆలస్యమైంది. మోండా వైపు నుంచి వెళ్లడం మానేసి చుట్టూ తిరిగి ఆఫీసుకు వచ్చేవాడు. చర్చిలో ఆదివారం ప్రార్థన నడిపించమంటే గొంతు బాగాలేదని తప్పించుకునేవాడు. మార్త కషాయం కాచి ఇచ్చేది. అది తాగేవాడు.

డెబ్బై ఏడులో ఎన్నికలు వచ్చాయి. అత్యవసర పరిస్థితి పోయింది. ఒక్కసారిగా అందరికీ నోళ్లు వచ్చాయి. ఎవరెవరు ఎంత ధైర్యంగా ఉన్నారో చెప్పుకునే సభలు మొదలయ్యాయి. సికింద్రాబాదులో ఒక సాహిత్య సంఘంవారు వెతికి వెతికి కొరియా జకర్యాను పట్టుకున్నారు. చీకటి రోజుల్లో పరాయి దేశం కథ ముసుగులో నిజం చెప్పిన కలం అని కరపత్రం వేశారు. శాలువా కప్పుతామన్నారు. సీరియల్‌ను పుస్తకంగా వేయడానికి పద్మనాభం కాగితం కూడా మాట్లాడాడు.

మార్త ఆ కరపత్రం చదువుకుని మురిసిపోయింది. తెల్ల చొక్కా ఇస్త్రీ చేస్తూ, "ఆ రోజు మన సువార్తను, అల్లుణ్ణి కూడా రమ్మని కబురు చేస్తానండీ" అంది. సువార్త వాళ్ల కూతురు, యాప్రాల్‌లో ఉంటుంది.

"వద్దు" అన్నాడు జకర్యా.

"అదేమిటండీ?"

అప్పుడు చెప్పాడు. నాంచారమ్మ రావడం దగ్గర్నుంచి జీపు దాకా. మార్త ఇస్త్రీపెట్టె పక్కన నిలబెట్టి విన్నది.

"పేరు అడిగిన వెంటనే చెప్పారా?" అంది.

"వెంటనే చెప్పాను."

"ఆ అధికారికి చెప్పడానికి క్షణం పట్టలేదు. నాకు చెప్పడానికి ఏడాది పట్టింది మీకు." ఆమె చొక్కా మడిచి పెట్టింది. "మీరు ఆ సభకు వెళ్తే నేను రాను. వెళ్లకుండా ఊరికే ఇంట్లో కూర్చుంటే అదీ నాకు నచ్చదు. ముందు ఆవిడ దగ్గరికి వెళ్లండి."

మర్నాడు ఉదయం ఆయన మోండాకు వెళ్లాడు. నాంచారమ్మ గోంగూర కట్టలు కడుతోంది. ఆయన్ని చూసి మళ్లీ పనిలో పడింది. జకర్యా కూరల మధ్య కాళ్లు ఎక్కడ పెట్టాలో తెలియక ఒంటికాలి మీద నిలబడినట్టు నిలబడ్డాడు.

"నాంచారమ్మా, ఇప్పుడు రాయొచ్చమ్మా. ఎవరూ ఆపరు."

"ఎరుకే. అందరు రాస్తనే ఉన్నరు గదా. మొన్న ఒకాయన ఫోటువ దీస్తనని వచ్చిండు. అద్దన్న."

"ఎందుకమ్మా?"

"గప్పుడు రాస్తే నా మాట నిలబడేది. ఇప్పుడు జొరం కాదని రాస్తే బస్తీల ఏమంటరు? నీ నోటితోటి నువ్వే జొరమన్నవు గదా అంటరు. నా పిల్లలు సుత విన్నరు. పెద్దోడు ఇంకా అడుగుతడు, అమ్మా ఏది నిజం అని." కట్టకు గడ్డి చుట్టి ముడివేసింది. "రాస్తే అన్నీ రాయి సారూ. జొరమని నేనెందుకు చెప్పిన్నో గది రాయి. వాళ్లకు నా పేరు ఎవలు చెప్పిండ్రో గది సుత రాయి."

"నీకు తెలుసా?" అన్నాడు జకర్యా.

"పేపర్ల రాయమని నేను చెప్పింది నీకొక్కనికే గదా."

పేరు బయటపెట్టింది ఆయనేనని తెలిసీ ఇంతకాలం ఆమె ఎవరికీ చెప్పలేదు. జంగయ్యకు కూడా. ఆ మాట అని ఆమె పక్కకు తిరిగి, కొనడానికి వచ్చిన ఒకావిడకు పాలకూర ధర చెప్పింది. జకర్యా ఇంకా నిలబడే ఉన్నాడు. "జెర పక్కకు జరుగు సారూ, బేరం రావాలె" అంది. ఆయన జరిగాడు. అలాగే బజారు బయటికి వచ్చాడు.

రాయడానికి మూడు పూటలు పట్టింది. రాసింది పద్మనాభానికి ఇచ్చి, చదువుతున్నంతసేపూ కిటికీలోంచి బయటికి చూశాడు.

"ఇదేంది జకర్యా గారూ. మీ మీద మీరే ఇట్ల రాసుకుంటె పత్రిక ఇజ్జత్ ఏం గావాలె? పుస్తకం ఎవరు కొంటరు?"

"పుస్తకం వద్దండి. సభకు రానని కూడా చెప్పేశాను."

పద్మనాభం మళ్లీ చదివాడు. కళ్లద్దాలు తీశాడు. "నా పేరు కూడ కలపండి. ఖాళీ వదులుదామని నేనన్న, నిజమే. మీరు వద్దన్నప్పుడు నాకు పానం లేచొచ్చింది. బయటికి పోయి పాన్ వేసుకున్న ఆ రోజు. అది కూడ రాయండి."

పాన్ సంగతి జకర్యా రాయలేదు గానీ పేరు కలిపాడు. కూర్చేటప్పుడు జంగయ్య ఒకచోట ఆగి, వేలితో ఆ వరస పట్టుకుని, తల ఎత్తి చూశాడు. జకర్యా చూపు తిప్పుకోలేదు. జంగయ్య ముందు తిప్పుకున్నాడు.

పత్రిక వచ్చిన సాయంత్రం జకర్యా, మార్త బస్సు దిగి ఆ బస్తీ హోటలుకు నడిచారు. మార్త వస్తానని తానే అంది. జంగయ్య బెంచీ మీద కూర్చుని చదువుతున్నాడు. నాంచారమ్మ పిల్లలిద్దరినీ ముందు కూర్చోబెట్టుకుంది. జంగయ్య ఎక్కడా తొందరపడలేదు. రాజలింగం ఎలా చనిపోయాడో చదివాడు. గుడిసె పోతుందని భయపెట్టి ఆమె చేత అబద్ధం చెప్పించారని చదివాడు. ఆమె పేరును అధికారికి చెప్పింది ఈ వార్త రాసిన జకర్యాయేనని చదివాడు. అక్కడ కొందరు వెనక్కి తిరిగి చూశారు. ఒక ముసలి హమాలీ ఉమ్మి, లేచి వెళ్లిపోయాడు. జకర్యా ఒక స్తంభం పక్కనే నిలబడ్డాడు. కూర్చోమని ఎవరూ అనలేదు.

చదవడం అయ్యాక ఒక రిక్షా అతను అడిగాడు.

"గా ఆపీసరు పేరెందుకు రాయలే సారూ?"

ఆ పేరు జకర్యాకు తెలుసు. రాసేటప్పుడు రెండుసార్లు రాసి రెండుసార్లు కొట్టేశాడు. ఆ మనిషి ఇంకా ఉద్యోగంలో ఉన్నాడు. తప్పు తనదైనప్పుడు ఇంకొకరి పేరెందుకు అని తనకు తాను చెప్పుకున్నాడు. ఆ మాట ఇప్పుడు ఇక్కడ నోటికి రాలేదు.

నాంచారమ్మ లేచింది. "జొరం కాదని వచ్చింది గదా, సాలు" అంది రిక్షా అతనితో. పెద్ద కొడుకు భుజం మీద చెయ్యి వేసి, చిన్నవాణ్ణి చంకనెత్తుకుని వెళ్లిపోయింది. జకర్యా ముందు నుంచే వెళ్లింది. ఆయన చేతులు జోడించాడు. ఆమె చూసింది. తిరిగి జోడించలేదు.

బస్సు స్టాపులో మార్త అడిగింది.

"ఆ ఆఫీసరు పేరు రాయకపోవడం మర్యాదకా, భయానికా?"

"నాకే తెలియడం లేదు" అన్నాడు జకర్యా.

"భయమే అయ్యుంటుంది" అంది మార్త. ఆ మాటలో కోపం లేదు. సైనిక్‌పురి బస్సు వచ్చింది. ఆమె ముందు ఎక్కి, లోపల ఆయనకు కూడా సీటు పట్టింది.